ఆకుతోటలో నా బూట్లు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు పటమటలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, మీ అనుభవంలోంచి ఏదన్నా చెప్పండి సార్ అంటారు. వాళ్లకి కావలసింది నేను గెలిచిన కథ అని నాకు తెలుసు. అలాంటివి నా దగ్గర రెండో మూడో ఉన్నాయి. వాటికి ఉప్పూ కారం తగిలించి ఎన్నోసార్లు చెప్పాను. నా పదవీ విరమణ సభలో వక్తలు కూడా వాటినే చెప్పారు. ఎవరూ చెప్పనిది, నేను కూడా ఇన్నాళ్లూ మాట మార్చి దాటేసింది, ఇంకొకటుంది. దాన్ని మోసే ఓపిక ఇక నాకు లేదు కాబట్టి మీరు వినాల్సిందే.

నేను ముప్పై మూడేళ్లు ఉద్యాన శాఖలో పనిచేశాను. ఆకు మీద మచ్చ చూస్తే అది పురుగు పనో బూజు పనో ఇట్టే చెప్పేస్తానని పేరు. ఆ పేరు ఎవరు పెట్టారంటే, చాలావరకు నేనే. రైతులు తెగులు పట్టిన ఆకుని పాలిథిన్ కవర్లో వేసుకుని ఆఫీసుకి తెచ్చేవాళ్లు. నేను ఆ కవరు విప్పకుండానే, కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని తెగులు పేరు చెప్పేవాణ్ణి. విప్పి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కానీ విప్పకుండా చెబితే గౌరవం ఎక్కువ.

ఇంతటి మహానుభావుడికి ఒక్కటే లోపం. పాములంటే చచ్చేంత భయం. అరటితోటలో ఎండుటాకు గలగలమన్నా నేను గట్టు మీద ఉండేవాణ్ణి. మా ఆఫీసు అటెండరు కర్రతో నేల కొడుతూ ముందు నడిస్తే, అతని అడుగులో అడుగేసుకుంటూ వెనక నేను. చివరికి విజయవాడ వన్ టౌన్‌లో ఒక దుకాణంలో బూట్లు కొన్నాను. చీలమండ దాటి జానెడు ఎత్తు, అడుగున ట్రాక్టరు టైరుకి ఉన్నంత లోతు గాళ్లు. అవి వేసుకున్నాక నాకు ధైర్యం వచ్చింది. ఎంత ధైర్యమంటే, అవి లేకుండా మంచం దిగాలన్నా ఆలోచించేవాణ్ణి. ఇంటికి రాగానే వాటిని బాల్కనీలో విప్పేవాణ్ణి. మా ఆవిడ పుల్లతో ఆ గాళ్లలో మట్టి గీకుతూ, రోజూ తట్టెడు మట్టి మోసుకొస్తున్నారు, ఇల్లు కట్టుకోవచ్చు అనేది.

ఆ రోజుల్లో మాకు ఫోనులో ఒక యాప్ ఉండేది. తోట మధ్యలోకి వెళ్లి నిలబడి ఫొటో తీసి పంపితేనే తోట చూసినట్టు. గట్టు మీద నుంచి తీస్తే ఒప్పుకునేది కాదు. దొంగ తనిఖీలు ఆపడానికి పెట్టిన మంచి ఏర్పాటే అది. ఈ కథలో దాని పాత్ర కూడా కొంచెం ఉంది కాబట్టి చెబుతున్నాను.

పామర్రు అవతల కాలవ కింద ఒక ఊరుంది. పేరు ఎందుకులెండి. అక్కడ కాలవ గట్టు పొడుగునా పది తమలపాకు తోటలు వరసగా ఉండేవి. అవిసె చెట్లు దగ్గర దగ్గరగా పెంచి, వాటి మీదికి తీగ పాకించి, జమ్ము గడ్డితో కడతారు. లోపలికి వెళితే మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా, తడిగా, మసకగా ఉంటుంది. ఆకుకి ఏ వాతావరణం ఇష్టమో, ఆకుని చంపే బూజుకి కూడా అదే ఇష్టం. తోట వేసి కోతకి తెచ్చుకోవడానికి ఏడాదికి పైన పడుతుంది. తర్వాత ఏళ్ల తరబడి కూడు పెడుతుంది. మొదలు కుళ్లు తెగులు పట్టిందా, అంత తోటా నెల తిరక్కుండా పోతుంది.

వరసలో ఆరో తోట ఒక కౌలు రైతుది. భార్యాభర్తలిద్దరే చాకిరీ. ఆదివారం చర్చికి వెళ్లొచ్చేదాకా తోట ముట్టుకునేవాళ్లు కాదు, మిగతా ఆరు రోజులూ తోట వదిలేవాళ్లు కాదు. అతను పదేళ్ల పాటు ఊళ్లోవాళ్ల తోటల్లో కూలికి ఆకు కోశాడు. ఇది తనకంటూ వేసుకున్న మొదటి తోట. తొలి కోత అయి మూడు నెలలే అయింది. నేను వెళితే భార్య మజ్జిగ ఇచ్చేది, అతను నేను చెప్పిన ప్రతి ముక్కా చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. చదువుకున్నోళ్ల మాట వింటేనండీ మనం బాగుపడేది అని పక్క తోటల వాళ్లకి నా ఎదురుగానే చెప్పేవాడు. నాకు ఆ తోటకి వెళ్లడమంటే ఎంత ఇష్టమో వేరే చెప్పాలా?

చివరిది, పదో తోట, డెబ్బై దాటిన ఒక పెద్దావిడది. ఆవిడ దడి తలుపు పక్కన నీళ్ల బాన, దాని మీద బోర్లించిన చెంబు ఉండేవి. తోటలోకి ఎవరొచ్చినా చెప్పులు విప్పి కాళ్లు కడుక్కోవాలి. పూర్వం అందరూ అలాగే చేసేవాళ్లట. మిగతా తొమ్మిది తోటల్లో ఆ ఆచారం ఎప్పుడో పోయింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆవిణ్ణి చూసి నవ్వేవాళ్లు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆవిడ నా బూట్ల వంక చూసి, అవి విప్పి కాళ్లు కడుక్కుని రండి బాబూ అంది. ఇవి మామూలు చెప్పులు కావమ్మా, పాముల కోసం అన్నాను.

"పాములు మాకూ ఉన్నాయండీ. మేం ఉత్త కాళ్లతోనే తిరుగుతున్నాం గదా. తోటంటే తల్లండీ. మైల పడితే నిలవదు."

నాకు ఎక్కడ లేని సైన్సు గుర్తొచ్చింది. ఆ దడి దగ్గరే నిలబడి, మూఢనమ్మకాలు వ్యవసాయాన్ని ఎలా వెనక్కి లాగుతున్నాయో పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా మొత్తం విని, దడి తలుపు లాగి తాడు కట్టేసింది. మా అటెండరు మాత్రం కాళ్లు కడుక్కుని, ఆవిడ మళ్లీ తలుపు తీస్తే లోపలికెళ్లి, ఆవిడ ఇచ్చిన ఆకు కట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. నేను టూరు డైరీలో 'రైతు సహకరించలేదు' అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆ ఏడు శ్రావణంలో వానలు వదల్లేదు. ఒకరోజు రెండో తోట రైతు కవరు పట్టుకుని వచ్చాడు. ఆకులు పసుపు రంగుకి తిరిగి వేలాడుతున్నాయన్నాడు. వెంటనే వెళ్లాను. తీగ పట్టి లాగితే చేతిలోకి వచ్చేసింది. మొదలు నల్లగా, జిగటగా, ముక్కు మూసుకునే వాసన. మట్టిలో ఉండే బూజు వల్ల వచ్చే మొదలు కుళ్లు. నేను చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఎండిన తీగలు పీకి కాల్చెయ్యమన్నాను, నీళ్లు నిలవనివ్వొద్దన్నాను. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మందు ఎలా చేయాలో, అందులో కొడవలి ముంచితే తుప్పు రంగు అంటకుండా ఉంటేనే మందు కుదిరినట్టని దగ్గరుండి చూపించాను. పుస్తకంలో ఉన్నదంతా తు.చ. తప్పకుండా చెప్పాను.

ఆ తర్వాత, మంచి ఊపు మీద ఉన్నాను కదా, మిగతా తోటల వాళ్లని కూడా హెచ్చరిద్దామని బయల్దేరాను. సాయంత్రం లోపల అయిదు తోటలు తిరిగాను. అయిదు తోటల్లోనూ నట్టనడుమ నిలబడి జాగ్రత్తలు చెప్పాను, అయిదు ఫొటోలు తీసి పంపాను. అందులో ఆరో నంబరు కౌలు రైతు తోట కూడా ఉంది. రెండో తోట బురద అప్పటికి నా బూట్ల గాళ్లలో నిండుగా ఉంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. మీకు మాత్రం ఇప్పుడే చెప్పేస్తున్నాను. దొంగ ఎవరో దాచిపెట్టి మిమ్మల్ని ఊరించే హక్కు నాకు లేదు, ఎందుకంటే దొంగని నేనే.

పన్నెండు రోజులకి ఒకటో తోట నుంచి ఫోను వచ్చింది. తర్వాత నాలుగో తోట. తర్వాత మూడోది, అయిదోది. నేను వెంటనే ఒక సిద్ధాంతం తయారుచేశాను. తెగులు కాలవ నీళ్లతో ఒక తోట నుంచి ఇంకో తోటకి పారుతోందని. నీళ్లతో అది పారే మాట నిజమే, పుస్తకంలోనూ ఉంది. ఊరి పటం గీసి, కాలవకి నీలం రంగు వేసి, తోటలకి ఎర్ర చుక్కలు పెట్టాను. మా అటెండరు ఆ పటం వంక చాలాసేపు చూశాడు.

"కాలవ ఒకటో తోట కాణ్ణించి రెండో తోటకి గదండీ పారేది. తెగులేమో రెండో దాన్నించి ఒకటో దానికెళ్లింది. నీళ్లు ఎగువకి పారతాయా అండీ?"

వానకి పొంగితే పారతాయి, నీకు తెలీదు ఊరుకో అన్నాను. అతను ఊరుకున్నాడు. ఇరవై ఏళ్ల నుంచి నా దగ్గర పనిచేస్తున్న మనిషి, ఎప్పుడు ఊరుకోవాలో బాగా తెలుసు. నివేదిక పైకి పంపాను. పై అధికారి పటం చాలా బాగుందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తలకెక్కి, ఊళ్లో అందరికీ కాలవ తూములు మూసేసి బోరు నీళ్లు వాడమని చెప్పాను. ఆ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయని నాకు తెలియక కాదు. నాలుగు వారాలే కదా అనుకున్నాను.

ఈలోగా ఊళ్లో ఇంకో సిద్ధాంతం పుట్టింది. నేను ఏ తోటలోకెళ్లి తోట బ్రహ్మాండంగా ఉందంటే ఆ తోట ఎండిపోతోందట. నా కన్ను మంచిది కాదట. ఒక తోటలోంచి నేను బయటికి రాగానే మిరపకాయల ఘాటుకి ఉక్కిరిబిక్కిరయ్యాను. ఎవరింట్లోనో కూర మాడింది అనుకున్నాను. ఆ రైతు నా దిష్టి తీసి ఉప్పూ మిరపకాయలు నిప్పుల్లో పోశాడని అటెండరు తర్వాత చెప్పాడు. ఇంకా నేను వెళ్లని తోటలు నాలుగున్నాయి, పెద్దావిడదీ ఇంకో మూడూ. ఆ ముగ్గురూ ఏదో ఒక సాకు చెప్పి నన్ను రానివ్వలేదు. ఒకాయనకి నేను ఎప్పుడెళ్లినా దడి తాళం చెవి కనపడేది కాదు. ఈ సంగతులన్నీ నేను ఆఫీసు మీటింగులో చెప్పి అందర్నీ కడుపుబ్బ నవ్వించాను.

దిష్టిని నమ్మనివాడు ఆ ఊళ్లో నేను కాక ఒక్కడే, ఆరో తోట కౌలు రైతు. ఇట్టాంటి మాటలు మేం నమ్మమండీ, మీరు రోజూ వచ్చి చూసి పోండి సార్, మాకు ధైర్యంగా ఉంటది అన్నాడు. నాకు గుండె నిండిపోయింది. రోజూ వెళ్లాను. ఎండుతున్న తోటలు చూసుకుని, చివర్న అతని తోటకి వెళ్లి, తీగ తీగా తట్టి చూసి, మజ్జిగ తాగి వచ్చేవాణ్ణి. పది రోజులు వరసగా అదే పని.

పదకొండో రోజు అతను దడి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పీకిన తీగ. మొదలు నల్లగా ఉంది. నా మీద కోపమేమీ లేదు అతనికి. అసలు నన్నే ఓదార్చేట్టు మాట్లాడాడు.

"మీ తప్పేం లేదు సార్. మీరు రోజూ వస్తానే ఉన్నారు గదా. అయినా వచ్చేసింది."

భార్య ఆ రోజు మజ్జిగ తెచ్చింది గాని, గ్లాసు ఇచ్చి నిలబడకుండా తోటలోకి వెళ్లిపోయింది.

ఆ వచ్చే ఆదివారం పొద్దున్నే మా ఆవిడ బాల్కనీలోంచి పిలిచింది. మా ఇల్లు మూడో అంతస్తు. బాల్కనీలో ఒక కుండీలో తమలపాకు తీగ ఉండేది, పూజకీ భోజనాలకీ అదే. రెండేళ్లుగా ఏపుగా పెరిగిన తీగ తల వేలాడేసి ఉంది. ఏవండీ, ఊరందరి తోటలకీ వైద్యం చేస్తారు, ఇంట్లో తీగ చూడరేంటి అంది. నేను కాఫీ గ్లాసు పట్టుకునే వెళ్లి, తీగ పట్టి లాగాను. చేతిలోకి వచ్చేసింది. మొదలు నల్లగా ఉంది. అదే వాసన.

ఆ కుండీకి కాలవ నీళ్లు ఎక్కడివి? మునిసిపాలిటీ కుళాయి నీళ్లు తప్ప అది ఇంకో చుక్క ఎరగదు. పామర్రు కాలవ ఎంత పొంగినా పటమటలో మూడో అంతస్తు ఎక్కదు. ఈ మధ్య కుండీలో ఏమన్నా వేశావా అని అడిగాను.

"మీ బూట్ల మట్టేనండీ. నల్లరేగడి, బలంగా ఉంటుంది, ఊరికే పారెయ్యడమెందుకని రోజూ గీకి ఇందులోనే వేస్తున్నా."

నేను అక్కడే బాల్కనీ గడప మీద కూలబడ్డాను. నెల రోజుల్లో నేను వేసిన ప్రతి అడుగూ గుర్తొచ్చింది. ఒకటో తోట, నాలుగో తోట, మూడో తోట, అయిదో తోట. కాలవ ఎటు పారిందో కాదు, నేను ఎటు నడిచానో అటు పోయింది తెగులు. ఫొటోల తేదీలు ఫోనులోనే ఉన్నాయి. ఫొటో తీసిన వరసా తోట ఎండిన వరసా ఒకటే. పల్లెటూరివాళ్లు మనిషిని సరిగ్గానే పట్టుకున్నారు. కన్ను అనుకున్నారు, కాలు అనుకోలేదు, అంతే తేడా. నేనైతే మనిషిని కూడా పట్టుకోలేకపోయాను.

అయినా మనసు ఒప్పుకోలేదు. ఆఖరి ఆశ ఒకటి ఉంటుంది కదా. వంటింట్లోంచి రెండు స్టీలు గిన్నెలు తెచ్చి, ఒకదానిలో బూట్ల గాళ్లలోంచి గీకిన మట్టి, రెండోదానిలో తులసికుండీ మట్టి వేసి నీళ్లు పోశాను. కిళ్లీ బడ్డీలో ఒకే కట్టలోంచి ఆకులు కొని, ముక్కలు చేసి రెండిట్లోనూ తేలేశాను. ఆ బూజు మట్టిలో ఉంటే ఆకుని వెతుక్కుంటూ పైకి వస్తుంది. మూడో రోజుకి తులసి గిన్నెలో ఆకు పచ్చగానే ఉంది. బూట్ల గిన్నెలో ముక్కల అంచులు నల్లగా నాని, కుళ్లడం మొదలుపెట్టాయి. మా ఆవిడ ఆ గిన్నెల్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

పక్క మండలంలో పనిచేసే నా స్నేహితుడికి ఫోను చేసి అంతా చెప్పాను. అతను మంచి సలహాదారు, సర్వీసంతా ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. రెండేళ్లలో రిటైరవుతున్నావు, నేరం కాలవ మీద పెట్టావు, కాలవ వచ్చి నీ మీద కేసు పెట్టదు, నోరు మూసుకో అన్నాడు. అబద్ధమెందుకు, ఆ మాట నాకు తేనెలా ఉంది. రెండు రోజులు దాన్నే చప్పరించాను.

కానీ నాలుగు తోటలు ఇంకా బతికే ఉన్నాయి. నా మాట విని వాళ్లు తూములు మూసి ఉప్పునీళ్లు కడుతున్నారు, ఆకుల అంచులు మాడుతున్నాయని ఫోన్లు వస్తున్నాయి. ఆకు కోసే కూలీలు పొద్దున ఎండిన తోటలో మిగిలిన ఆకు కోసి, మధ్యాహ్నం అవే కాళ్లతో మంచి తోటలోకి వెళుతున్నారు. అసలు సంగతి చెబితే తప్ప అది ఆగదు. కాళ్లు కడుక్కోండి అని మాత్రం చెబితే, నిన్నటిదాకా ఎగతాళి చేశారు గదా, ఇప్పుడెందుకు అంటారు. ఎందుకో చెప్పాలంటే ఎవరు తెచ్చారో చెప్పాలి. ఎటు తిరిగినా నా దగ్గరికే వచ్చి ఆగుతోంది.

మంగళవారం పొద్దున సొసైటీ గోడౌను అరుగు మీదికి అందర్నీ పిలిపించాను. రైతులు నా దగ్గరికి ఎలా వచ్చేవాళ్లో నేనూ అలాగే వెళ్లాను, చేతిలో పాలిథిన్ కవరు. అందులో నా బూట్లు. కాళ్లకి రబ్బరు చెప్పులు. వాటిని ఊరి మొదట్లోనే విప్పేసి బండి దగ్గర పెట్టాను. ఉత్త కాళ్లతో ఆ గట్టు మీద నడుస్తుంటే నాకు ప్రతి గడ్డిపరకా పడగెత్తినట్టే కనిపించింది.

లేచి నిలబడి, వ్యాధికారక శిలీంధ్రం యాంత్రికంగా వ్యాప్తి చెందే అవకాశాలను పరిశీలించిన మీదట అని మొదలుపెట్టాను. ఒక్కరి ముఖంలోనూ కదలిక లేదు. మా అటెండరు తల వంచుకున్నాడు. పెద్దావిడ చెయ్యెత్తి, అర్థమయ్యేట్టు చెప్పండి బాబూ అంది. నేను కవరు ఎత్తి పట్టుకున్నాను.

"తెగులు కాలవలోంచి రాలేదు. ఈ బూట్లకి అంటుకుని వచ్చింది. రెండో తోటలోంచి మీ తోటల్లోకి నేనే మోసుకొచ్చాను."

ఒకటో తోట రైతు, కంచే చేను మేసిందన్నమాట అని పైకే అన్నాడు. ఇంకొకాయన లేచి వెళ్లిపోయాడు. నాలుగో తోట ఆయన నన్ను తిట్టాడు, తిట్టాల్సినవే తిట్టాడు. ఒకరిద్దరు దిష్టి కాదన్నమాట అని ఊపిరి పీల్చుకున్నారు. నా కళ్లు మాత్రం కౌలు రైతు మీదే ఉన్నాయి. అతను ఒకే ఒక్క మాట అడిగాడు.

"నేను రోజూ రమ్మన్నాను గదా సార్. ఆ పది రోజులూ ఎండిన తోటల్లోంచేనా మా దాంట్లోకి వచ్చింది?"

అవునన్నాను. అతను తల ఊపాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను లేచి వచ్చి నా చేతిలో కవరు తీసుకుని, అరుగు దిగి, కాలవ గట్టు మీద పీకిన తీగలు తగలబడుతున్న చోటికి నడిచి, బూట్లు కవరుతో సహా మంటలో వేశాడు. తిరిగి రాలేదు, తోటలోకి వెళ్లిపోయాడు. కాలిన రబ్బరు కంపు అరుగు దాకా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. పొగ అన్నట్టు కళ్లు తుడుచుకున్నాను, ఎవరూ నమ్మినట్టు లేదు.

పెద్దావిడ ఏదో ఒకటి దెప్పుతుందనుకున్నాను. ఆ రోజు నేను దడి దగ్గర దంచిన ఉపన్యాసం ఆవిడకి గుర్తుండే ఉంటుంది. ఆవిడ దెప్పలేదు.

"నేను ఆపింది మైలని బాబూ. తెగులని నాకూ తెలవదు. మా అత్త చెప్పింది, నేను చేశా. నా మాట ఈళ్లెవరూ వినలేదు. ఇప్పుడు మీరు చెప్పారు గనక కడుక్కుంటారు."

అదీ నిజమే. ఆ మధ్యాహ్నానికల్లా తూములు తెరిచారు. ప్రతి దడి దగ్గరా ఒక బాన వచ్చింది. కొడవళ్లు ముంచడానికి బ్లీచింగ్ నీళ్ల బకెట్టు పెట్టారు. ఎండిన తోటల్లో కోసిన కూలీలు ఆ రోజు ఇంకో తోట ముట్టుకోకూడదని కట్టుబాటు చేసుకున్నారు. మంచి తోటలన్నిటికీ తీగల మొదళ్లలో బోర్డో మందు పోశారు. నేను కాళ్లు కడుక్కుని, ఉత్త పాదాలతోనే ఆ నాలుగు తోటల్లో తిరిగాను. అటెండరు కర్ర కొడుతూ ముందు, నేను వెనక. ఒకరోజు పాము కనిపించింది కూడా. నన్ను చూసి అదే పారిపోయింది.

నాలుగు తోటలూ నిలిచాయి. పైకి రెండో నివేదిక పంపాను, ఈసారి పటం లేకుండా. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, రాసిచ్చాను. నా స్నేహితుడు ఇప్పటికీ నన్ను పిచ్చివాడి కింద లెక్కేస్తాడు. ఆరో తోట నిలవలేదు. నెల తిరిగేసరికి అవిసె చెట్లు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ మట్టిలో ఇంకొన్నేళ్లు ఆకు వేయకూడదు. ఆ మాట కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. కౌలు వదులుకుని మొగుడూ పెళ్లాలిద్దరూ మళ్లీ కూలికి ఆకు కోతకి వెళ్లారు. ఒకసారి వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. అతను కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు. ప్రార్థన చేసుకుంటున్నామండీ, టైం పడుద్ది అన్నాడు. నీళ్లు తాగి వచ్చేశాను.

నేను రిటైరైన ఏడాదికి, ఒక పొద్దున అతని ఫోను. ఊరికి అవతలి పక్క, వేరే చేలో, మళ్లీ తోట వేశాడట. పెద్దావిడ తన తోటలోంచి తీగ ముక్కలు ఇచ్చిందట. రేపు తొలి కోత సార్, మీరు రావాలి అన్నాడు. ఆ రాత్రంతా సంతోషమో భయమో తెలియలేదు. పామర్రు దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాను. దడికి ఇరవై గజాల ముందే చెప్పులు విప్పేశాను.

దడి పక్కన కొత్త బాన ఉంది. చెంబు తీసుకోబోతే, అతను వచ్చి నా చేతిలోంచి అందుకున్నాడు. నేను పోస్తాలెండి అని నా కాళ్ల మీద నీళ్లు పోశాడు. అయిపోయిందనుకుని అడుగు వేయబోయాను. ఆగమన్నాడు. కింద కూర్చుని కాలెత్తమన్నాడు. దడి కర్ర పట్టుకుని కాలెత్తాను. అరికాలు చూశాడు, మడమ పగుళ్లలో చూశాడు, కొబ్బరిపీచుతో వేళ్ల సందుల్లో రుద్దాడు. రెండో కాలు కూడా అలాగే చేశాడు. మళ్లీ ఒక చెంబెడు పోశాడు. లోపల అతని భార్య ఆకు కట్ట ఒళ్లో పెట్టుకుని ఇటే చూస్తోంది. ముప్పై మూడేళ్ల సర్వీసులో నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ తనిఖీ చేయలేదు. నీళ్లు పోస్తున్నంతసేపూ నేను అతని ముఖం చూడలేకపోయాను.

అతను లేచి, చేతులు తుడుచుకుని, దడి తలుపు తాడు విప్పాడు.

"ఇప్పుడు రండి సార్."